చట్టంతో చుట్టరికం: కంపెనీ వేరు పడితే మన వాటా ఎక్కడికి పోతుంది?

బరంపురం నుండి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. ఆమె తండ్రిగారు కాలం చేశాక ఇల్లు సర్దుతుంటే, ట్రంకుపెట్టె అడుగున భద్రాచలం పేపర్ బోర్డ్స్ కంపెనీ షేరు సర్టిఫికెట్లు దొరికాయట. “రాములవారి ఊరి పేరున్న కంపెనీ అని నాన్నగారు ముచ్చటపడి కొన్నారు. ఇప్పుడా కంపెనీయే లేదంటున్నారు. మా అబ్బాయేమో దీనికి హోటల్ కంపెనీ షేర్లు కూడా రావాలమ్మా అంటున్నాడు. కాగితం మిల్లుకీ హోటళ్ళకీ ఏమిటి సంబంధం? ఈ సర్టిఫికెట్లు దాచాలా, చింపెయ్యాలా?” అని ఆమె ప్రశ్న.

చింపకండమ్మా. మీ అబ్బాయి చెప్పింది నిజమే.

గోదావరి ఒడ్డున సారపాకలో మిల్లు ఉన్న భద్రాచలం పేపర్ బోర్డ్స్ 2002లో ఐటిసి కంపెనీలో కలిసిపోయింది. దాని వాటాదారులకు నిర్ణయించిన నిష్పత్తిలో ఐటిసి షేర్లు ఇచ్చారు. అదే ఐటిసి తన హోటళ్ళ వ్యాపారాన్ని విడదీసి, ఐటిసి హోటల్స్ అనే కంపెనీకి అప్పగించింది. ఆ విభజన 2025 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. పది ఐటిసి షేర్లున్న వారికి ఒక హోటల్స్ షేరు లెక్క.

మీ నాన్నగారికి 2002లో పది ఐటిసి షేర్లు వచ్చాయనుకుందాం. 2005లో పది రూపాయల షేరును పది రూపాయి షేర్లుగా చేసి, రెండింటికి ఒకటి బోనస్ ఇచ్చారు: 150 అయ్యాయి. 2010లో ఒకటికి ఒకటి బోనస్: 300. 2016లో రెండింటికి ఒకటి: 450. ఆపైన విభజన వల్ల 45 హోటల్స్ షేర్లు. ఇదంతా నాన్నగారు వేలు కదపకుండానే జరిగింది. ఇంట్లో ఎవరికీ తెలియకుండానూ జరిగింది. చిక్కంతా అక్కడే ఉంది.

ఇంతకీ కంపెనీని విడదీయడం అంటే ఏమిటి? మన ఇళ్ళలో భాగపంపకాల వంటిదే. ఒక వ్యాపారాన్ని, దాని ఆస్తులతో, అప్పులతో, ఉద్యోగులతో సహా మరో కంపెనీకి మార్చడం. దీన్నే డీమెర్జర్ అంటారు. ఆస్తి ఒకరికీ అప్పు మరొకరికీ అంటే కుదరదు. ఆ వ్యాపారానికి సంబంధించిన అప్పు దాని వెంటే వెళ్ళాలి. ప్రతిఫలంగా కొత్త కంపెనీ తన షేర్లను పాత కంపెనీ వాటాదారులకు ఇస్తుంది. పాత షేరు అలాగే ఉంటుంది, పక్కన కొత్తది చేరుతుంది. అయితే ఇది ఊరికే వచ్చిన లాభం కాదు. ఒక ఇంటి విలువ రెండిళ్ళుగా పంచబడింది, అంతే. అందుకే విభజన నాడు పాత షేరు ధర ఆ మేరకు తగ్గితే కంగారు పడనక్కరలేదు.

ఇంటి పంపకం పెద్దమనుషుల సమక్షంలో జరిగితే, కంపెనీ పంపకం న్యాయస్థానం ఎదుట జరుగుతుంది. పూర్వం 1956 కంపెనీల చట్టం కింద హైకోర్టులు చూసేవి. 2016 డిసెంబరు నుండి ఈ పని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ చేతికి వచ్చింది. 2013 చట్టంలోని 230 నుండి 232 వరకు ఉన్న సెక్షన్లు దీనికి ఆధారం. కంపెనీ రిజిస్టర్డు ఆఫీసు ఎక్కడ ఉంటే అక్కడి బెంచి విచారిస్తుంది. కర్ణాటక కంపెనీలకు బెంగళూరు, తమిళనాడుకూ యానాంతో కూడిన పుదుచ్చేరికీ చెన్నై, మహారాష్ట్రకు ముంబయి, ఒడిశాకు కటక్. ప్రభుత్వ సంస్థల వరుస వేరు. హైదరాబాదులో ప్రధాన కార్యాలయమున్న ఎన్‌ఎండిసి 2022లో తన నగర్నార్ ఉక్కు కర్మాగారాన్ని విడదీసినప్పుడు కేంద్ర ప్రభుత్వ కంపెనీ వ్యవహారాల శాఖ అనుమతి ఇచ్చింది.

మెట్లు ఇవి. ముందు డైరెక్టర్ల బోర్డు ఒక పథకం తయారుచేస్తుంది. ఏ వ్యాపారం ఎటు, ఎన్ని షేర్లకు ఎన్ని అనేది అందులో ఉంటుంది. షేరు మార్కెట్లో ఉన్న కంపెనీ అయితే ఎక్స్ఛేంజీలు, సెబీ ఆ కాగితాలు చూస్తాయి. తర్వాత ట్రిబ్యునల్ ఆదేశం మీద వాటాదారులకు, అప్పులిచ్చిన వారికి సమావేశాలు జరుపుతారు. వోటు వేసిన వారిలో సంఖ్యలో ఎక్కువమంది, విలువలో నాలుగింట మూడు వంతులు ఒప్పుకోవాలి. ఆదాయపు పన్ను శాఖ వంటి ప్రభుత్వ శాఖలు అభ్యంతరం చెప్పడానికి ముప్పై రోజుల గడువు ఉంటుంది. అన్నీ సరిపోతే ట్రిబ్యునల్ తీర్పు ఇస్తుంది. ఐటిసి విషయంలో బోర్డు 2023 ఆగస్టులో పథకాన్ని ఆమోదించింది, వాటాదారులు 2024 జూన్‌లో వోటు వేశారు, కోల్‌కతా బెంచి 2024 అక్టోబరులో అనుమతించింది. ఏడాదిన్నర దగ్గర పట్టిందన్నమాట.

పది శాతం వాటా లేదా మొత్తం బాకీలో అయిదు శాతం ఉన్నవారే ట్రిబ్యునల్ ముందు అభ్యంతరం పెట్టగలరు. మనవంటి చిన్నవాళ్ళకు ఉన్నది వోటు. అనుమతి వచ్చాక పథకం అందరికీ వర్తిస్తుంది, వద్దన్నవారికి కూడా. కాబట్టి సమావేశం నోటీసు ఇంటికి వస్తే పచారీ సామాను పొట్లానికి వాడెయ్యకండి.

ఇక పన్ను సంగతి. చట్టం చెప్పిన షరతుల ప్రకారం జరిగిన విభజనలో కొత్త షేర్లు చేతికి వచ్చినందుకు పన్ను లేదు. అమ్మినప్పుడే లెక్క. అప్పుడు పాత ఖరీదును రెండుగా పంచాలి. ఐటిసి తెలిపిన వంతులు 86.49 శాతం ఐటిసికి, 13.51 శాతం హోటల్స్‌కు. పది షేర్లు 3,000 రూపాయలకు కొన్నవారికి ఐటిసి భాగం 2,594.70, హోటల్స్ షేరు ఖరీదు 405.30. కొత్త షేరును ఉచితంగా వచ్చిందనుకుని ఖరీదు సున్నా అని వేసుకుంటే పన్ను అనవసరంగా ఎక్కువ కట్టినట్టే.

ఇప్పుడు సోదరి చెయ్యవలసినది. డివిడెండు వరుసగా ఏడేళ్ళు ఎవరూ తీసుకోకపోతే ఆ షేర్లు కేంద్ర ప్రభుత్వపు ఇన్వెస్టర్ల నిధికి వెళ్ళిపోతాయి. వెళ్ళినా హక్కు పోదు, వారసులు అడిగి తెచ్చుకోవచ్చు. ముందుగా ఐటిసి షేర్ల విభాగానికి పాత ఫోలియో నంబరు, తండ్రిగారి మరణ ధ్రువపత్రం జతచేసి వ్రాయండి. షేర్లు ఎక్కడున్నాయో వారు చెబుతారు. ఐటిసి హోటల్స్‌కు వేరే ఉత్తరం వ్రాయాలి. వేరు పడ్డ ఇంటికి వేరే గుమ్మం కదా. నిధికి వెళ్ళి ఉంటే ఐఈపీఎఫ్-5 అనే దరఖాస్తు పెట్టాలి. షేర్లు ఇప్పుడు డీమ్యాట్ రూపంలోనే వస్తాయి గనుక మీ పేరిట డీమ్యాట్ ఖాతా ఉండాలి. విలువ పెద్దదైతే వారసత్వ సర్టిఫికెట్ అడుగుతారు. అన్నదమ్ములుంటే వారి సమ్మతి పత్రాలు ముందే తీసి ఉంచండి.

మన ప్రవాసపు ఇళ్ళలో ఇంకో ఇబ్బంది ఉంది. పాత సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది. ఒడిశాలోనో మహారాష్ట్రలోనో తీసిన ఆధార్‌లో అదే ఇంటిపేరు చివర పూర్తిగా ఉంటుంది. ఇద్దరూ ఒకరేనని నోటరీ ఎదుట ప్రమాణపత్రం చేయించాలి. ఇది ముందే చేయిస్తే నెలల తరబడి తిరుగుడు తప్పుతుంది. సగం మాకిస్తే మేం తెచ్చిపెడతాం అని ఫోన్లు చేసేవారికి మాత్రం సంతకాలు పెట్టకండి.

పాఠకులందరికీ ఒక మనవి. ఈ వారంలో ఒక పూట కూర్చుని, ఇంట్లో ఎవరి పేరిట ఏ కంపెనీ షేర్లున్నాయో ఒక నోటుపుస్తకంలో వ్రాయండి. ఆ కంపెనీ పేరు మారిందా, కలిసిందా, వేరు పడిందా చూసి పక్కన వ్రాయండి. ఇల్లు మారితే కంపెనీకి కొత్త చిరునామా తెలపండి. నామినీ పేరు చేర్చండి. ఆ పుస్తకం ఎక్కడుందో ఇంటి ఆడవాళ్ళకూ పిల్లలకూ చెప్పండి. బరంపురం నాన్నగారు షేర్లు జాగ్రత్తగానే దాచారు. దాచినట్టు చెప్పి ఉంటే కూతురికి ఇంత శ్రమ ఉండేది కాదు.