పిల్లల ప్రక్కన కూర్చుండి

పిల్లలకు విజ్ఞాన చిత్రాలు చూపవలెనా అనే చర్చ ఏనాడో ముగిసినది. ఏవి చూపవలెననునదే నేటి చిక్కు. ఫోనులోను, టెలివిజన్‌లోను అవి కోకొల్లలు. ప్రేలుడు, మెరుపు, మ్రోత - ఇవే విజ్ఞానమని వానిలో అనేకం భ్రమింపజేస్తున్నవి. అబ్బురపడిన పిల్లవాడు మరొక అబ్బురం కోరుతున్నాడే గాని, ఎందుకని అడుగుట లేదు.

లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ వారు 1825లో బాలబాలికలకై క్రిస్మస్ ఉపన్యాసాలు ఆరంభించారు. 1860 డిసెంబరులో మొదలుపెట్టి మైకేల్ ఫారడే ఒక్క క్రొవ్వొత్తిని గురించి ఆరు ఉపన్యాసాలిచ్చాడు. జ్వాల నడిమి నల్లని భాగంలో గాజు గొట్టం నిలిపి, దానిగుండా వెలువడిన ఆవిరిని ఆవలి కొసన వెలిగించి చూపాడు. మండుతున్నది మైనపు ముద్ద కాదు, దాని ఆవిరి అని వేరే చెప్పవలసిన పని లేకపోయింది! 1966 నుంచి ఈ ఉపన్యాసాలు ఏటేటా టెలివిజన్‌లో వస్తున్నవి. మన దూరదర్శన్‌లోనూ 1990ల నాటి 'టర్నింగ్ పాయింట్'లో ఆచార్య యశ్‌పాల్ ప్రేక్షకుల ప్రశ్నలకే జవాబులు చెప్పేవారు.

చూచినది వంటింట్లో చేసి చూడవీలగునా? ఎన్నికకు ఇంతకు మించిన గీటురాయి అక్కరలేదు. వెలిగే క్రొవ్వొత్తిపై చల్లని గాజుగ్లాసు బోర్లిస్తే లోపల తేమ పడుతుంది, పిమ్మట జ్వాల ఆరుతుంది. నిప్పులో నీరెక్కడిదని పిల్లవాడు అడిగే క్షణాన తల్లియో తండ్రియో ప్రక్కన లేకపోతే ఆ ప్రశ్న అక్కడనే అణగిపోతుంది. జవాబు తెలియకున్నను చింత లేదు. చిత్రాన్ని ఆపి మాట్లాడుకొనవచ్చును. ఆంగ్ల చిత్రమైతే ఇది మరీ అవసరం. అందులోని 'వేపర్' అనే మాటను పెద్దలు 'ఆవిరి' అన్నప్పుడే పిల్లవానికి ఇడ్లీపాత్ర మూత గుర్తుకు వస్తుంది.