పెద్దమాటల కొలత

మన బిడ్డలు ఆంగ్లమున వ్రాయునపుడు కొండయైనను, కుండయైనను 'బిగ్' అనియే వ్రాయుదురు. తక్కిన పదములను వట్టిగా వల్లె వేయింపక, వాని పుట్టుకను గూడ చెప్పినచో మఱువరు.

'జైగాంటిక్' గ్రీకు పురాణములలోని మహాకాయుల పేరునుండి వచ్చినది. 'బ్రాబ్డింగ్నాగియన్' అనునది 1726లో స్విఫ్టు గలివరు కథయందు కల్పించిన మహాకాయుల దేశమునుండి పుట్టినది. 'జంబో' పదమునకు వ్యాప్తి దెచ్చినది, 1882లో లండను జంతుశాలనుండి అమెరికాకు అమ్ముడుపోయిన యేనుగు. మనమును గజదొంగ, రాక్షసిబొగ్గు అనుటలేదా?

అన్నిటికంటె వింతయైనది 'ఎనార్మస్'. లాటినున 'నార్మా' యనఁగా వడ్రంగి మూలమట్టము. ఆ కొలతకు మీఱినది ఎనార్మస్. ఆ మొదటి యర్థమున దీనికి పెద్ద యాకారముతో పనిలేదు.

మా పొందూరున స్త్రీలు వాలుగచేప దవడతో ప్రత్తిని దువ్వి, 100వ నంబరు నూలు వడకుదురు. నూలు లెక్కలో అంకె పెరిగినకొలది దారము సన్నగిలును. ఆ చీర తూకమునకు తేలిక. అందలి శ్రమ మాత్రము ఏ మూలమట్టమునకును లొంగదు. బేరమాడునపుడు ఈ మాటను తలఁచుకొనుఁడని మా మనవి.