మెల్లగా పరుగెత్తడం

నాలుగు గంటల్లో మారథాన్ పూర్తి చేయాలని హేగ్లీ పార్కులో పరుగు మొదలుపెట్టాను. మూడో నెలకే మోకాలు మొరాయించింది. తప్పు మోకాలిది కాదు, రోజూ నిన్నటి టైము దాటాలన్న నా ఆరాటానిది. (ఆఫీసు డెడ్‌లైన్ల అలవాటు మరి!)

1962లో ఇదే ఊళ్ళో, లాంకాస్టర్ పార్కులో, పీటర్ స్నెల్ 800 మీటర్లను 1 నిమిషం 44.3 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అంతటివాడి చేత కూడా కోచ్ ఆర్థర్ లిడియార్డ్ ముందు వారానికి 160 కిలోమీటర్లు, రొప్పు రాని వేగంతో, నెలల తరబడి పరుగెత్తించేవాడు. నలభై దాటిన మనం మొదట నేర్చుకోవలసింది మెల్లగా పరుగెత్తడమేనని నా అభిప్రాయం. అదే కష్టం కూడా. పక్కనుంచి ముసలాయన దాటిపోతుంటే కాళ్ళు ఆగవు!

ఇప్పుడు గడియారం ఇంట్లో వదిలి వెళుతున్నాను. నాలుగు గంటల మాట అటకెక్కింది. 42.195 కిలోమీటర్లూ పూర్తయితే చాలు. "ఈసారైనా పూర్తి చేస్తావా నాన్నా?" అన్నాడు మా వాడు, గుణింతాలు దిద్దుతూ. మొన్న బడికి వచ్చేముందు 18 దాకా వెళ్ళాను. మోకాలు ఏమీ అనలేదు.