పాత జవాబు... పోయిన మార్కు!

భారతదేశ తీరరేఖ పొడవెంత?

పోటీ పరీక్షలకు చదివేవారిని నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేస్తారు... 7,516.6 కిలోమీటర్లు అని. చిన్నప్పటి స్కూలు పుస్తకంలో ఉన్నది అదే. అన్నయ్య చదివి అటక మీద పెట్టిన గైడులో ఉన్నదీ అదే. కానీ ఆ జవాబుకు కాలం చెల్లింది. కేంద్ర హోంశాఖ 2023-24 వార్షిక నివేదికలో ఇచ్చిన కొత్త లెక్క 11,098.81 కిలోమీటర్లు!

అంటే సముద్రం పక్కన నేల పెరిగిందా? లేదు. కొలిచే పద్ధతి మారింది. పాత లెక్క 1970ల నాటిది. అప్పట్లో వాడిన పటాల్లో పెద్ద పెద్ద వంపులే కనిపించేవి. ఈసారి ఇంకా సూక్ష్మమైన పటాలతో చిన్న పాయలు, మలుపులు అన్నీ లెక్కలోకి తీసుకున్నారు. చీర కుచ్చిళ్ల అంచును పైపైన కొలిస్తే జానెడు, ఒక్కో మడతా విప్పి కొలిస్తే బారెడు... ఇదీ అంతే. ఈ లెక్కతో మనకూ ఓ మార్పు వచ్చింది. రాష్ట్రాల్లో గుజరాత్ తర్వాత పొడవైన తీరం ఆంధ్రప్రదేశ్‌దే అని ఇన్నాళ్లూ చదువుకున్నాం. కొత్త లెక్కలో ఆ రెండో స్థానం తమిళనాడుకు వెళ్లింది. తమిళనాడు తీరం 1,068 కిలోమీటర్లు దాటితే, ఆంధ్రప్రదేశ్‌ది 1,053 దగ్గర ఆగింది.

ఒక్క బిట్టే కదా అనిపించొచ్చు. కానీ కటాఫ్ దగ్గర వందలమంది ఒకే మార్కు మీద నిలబడి ఉంటారు. అరమార్కు అటూ ఇటూ అయితే ఒకరికి ఉద్యోగం, ఇంకొకరికి మరో నోటిఫికేషన్ కోసం ఎదురుచూపులు. హైదరాబాద్ చిక్కడపల్లి గ్రంథాలయంలో పొద్దున్నే కుర్చీ కోసం వచ్చేవారికి, బ్యాంకు పరీక్షల కోసం నంద్యాలలో, డీఎస్సీ కోసం అవనిగడ్డలో గది అద్దెకు తీసుకున్నవారికి ఆ అరమార్కు విలువ బాగా తెలుసు. ఆ గది అద్దె ఊళ్లో అమ్మానాన్నలు పంపుతున్నది. వయోపరిమితి మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

పది సెకన్ల మార్కు

జనరల్ నాలెడ్జ్‌కు ఇంత ప్రాధాన్యం ఎందుకు? రైల్వే ఎన్టీపీసీ తొలిదశ పరీక్షలో 100 ప్రశ్నలుంటే 40 ఇవే. ఎస్సెస్సీ సీజీఎల్ తొలిదశలో 100కు 25. అక్కడ గంటలో వంద ప్రశ్నలు... అంటే ఒక్కోదానికి 36 సెకన్లు. లెక్కల ప్రశ్నకు ఆ సమయం చాలదు. జీకే బిట్ అయితే తెలిసినవారికి పది సెకన్లు చాలు. అక్కడ మిగిల్చుకున్న సమయమే లెక్కలకు ఊపిరి. జీకే గట్టిగా ఉన్నవారికి రెండు విధాలా లాభం అన్నమాట.

గడువు తీరే జవాబులు

మందుల షాపులో కొన్న మాత్రకు గడువు తేదీ చూస్తాం. జీకే పుస్తకానికీ చూడాలి. చదివే విషయాలను మూడు గంపల్లో వేసుకుంటే ఈ పని తేలిక.

మొదటి గంప... ఎప్పటికీ మారనివి. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది, తెలంగాణ 2014 జూన్ 2న వచ్చింది. వీటికి పాత పుస్తకమైనా ఫర్వాలేదు.

రెండో గంప... ఎప్పుడో ఒకసారి మారేవి. ఇవే ఎక్కువగా ముంచుతాయి. గ్రహాలు తొమ్మిది అన్న జవాబు 2006లో ఎనిమిదైంది. ప్రణాళికా సంఘం స్థానంలో 2015 జనవరి 1న నీతి ఆయోగ్ వచ్చింది. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది.

మూడో గంప... పదవులు, అవార్డులు, ర్యాంకులు. వీటిని పుస్తకంలో వెతకడమే దండగ. రోజూ పేపరు చదివి నోట్సులో రాసుకోవాల్సినవే. రెండో గంపలోని వాటిని పరీక్షకు నెల ముందు ఒకసారి ప్రభుత్వ వెబ్‌సైట్లలో సరిచూసుకుంటే చాలు.

‘మొదటి’ అన్నారంటే...

ప్రశ్నలో ‘మొదటి’, ‘తొలి’ అనే మాట కనిపిస్తే ఒక్క క్షణం ఆగాలి. అక్కడే మెలిక ఉంటుంది.

భారత జాతీయ కాంగ్రెస్ తొలి మహిళా అధ్యక్షురాలు ఎవరు? అనీబిసెంట్, 1917లో. తొలి భారతీయ మహిళా అధ్యక్షురాలు ఎవరు? సరోజినీ నాయుడు, 1925లో. మధ్యలో వచ్చిన ఒక్క మాట జవాబునే మార్చేసింది. అంతరిక్షంలోకి వెళ్లిన తొలి భారతీయుడు 1984లో రాకేశ్ శర్మ. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన తొలి భారతీయుడు మాత్రం 2025లో శుభాంశు శుక్లా. చంద్రుడి మీద సురక్షితంగా దిగిన దేశాల్లో మనది నాలుగోది. దక్షిణ ధ్రువానికి చేరువలో దిగిన తొలి దేశమూ మనదే. చంద్రయాన్-3 దిగిన ఆ రోజు 2023 ఆగస్టు 23.

ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. తెలిసినవారు కూడా తొందరలో తప్పు పెట్టేది ఇలాంటిచోటే. ప్రశ్నను చివరిదాకా చదవడం కూడా ప్రిపరేషన్‌లో భాగమే.

పూసలు కాదు, దండ కావాలి

వెయ్యి బిట్లు విడివిడిగా బట్టీపడితే నెల తిరిగేసరికి సగం కూడా మిగలవు. అవే కథలా ముడిపడితే చాలాకాలం ఉంటాయి.

ఉదాహరణకు ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు మద్రాసులో 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టారు. డిసెంబరు 15న కన్నుమూశారు. ఆ త్యాగ ఫలితంగా 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా, గుంటూరులో హైకోర్టు పెట్టుకునే ఏర్పాటుతో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఒక భాషవారికి రాష్ట్రం ఇస్తే మిగతావారు ఊరుకుంటారా? అందుకే అదే ఏడాది డిసెంబరులో ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం వేశారు. హృదయనాథ్ కుంజ్రు, కె.ఎం.పణిక్కర్ సభ్యులు. 1955లో నివేదిక వచ్చింది. తెలంగాణను అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగానే ఉంచాలన్నది ఆ సంఘం సూచన. తర్వాత 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం... నవంబరు 1న ఆంధ్రప్రదేశ్. అదే రోజు దేశంలో 14 రాష్ట్రాలు, 6 కేంద్రపాలిత ప్రాంతాలు ఏర్పడ్డాయి.

నాలుగేళ్ల కథ ఒక్కసారి చదివితే పది బిట్లకు జవాబు దొరికింది. ప్రశ్న ఎటు తిప్పి అడిగినా తడబడాల్సిన పనిలేదు. ఇప్పుడు వరసలో పెట్టమనీ, ఏ వ్యాఖ్యలు సరైనవో చెప్పమనీ అడిగేవి ఎక్కువయ్యాయి. అక్కడ విడి బిట్లు అక్కరకు రావు.

పర్సు తెరిస్తే పాఠం

కోచింగ్ సెంటరుకు పంపలేని ఇంట్లోనూ ఒక జీకే పుస్తకం ఉంటుంది. అది పర్సులోనే ఉంది! మహాత్మాగాంధీ కొత్త శ్రేణి నోట్లు వెనక్కి తిప్పి చూడండి. 10 మీద కోణార్క్ సూర్యదేవాలయం, 20 మీద ఎల్లోరా, 50 మీద హంపి రాతిరథం, 100 మీద గుజరాత్‌లోని రాణీ కీ వావ్ మెట్లబావి, 200 మీద సాంచి స్తూపం, 500 మీద ఎర్రకోట. ఆరూ యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడాలే. ఒక్కోదాన్నీ ఎవరు కట్టించారు, ఏ రాష్ట్రం, దగ్గర్లో ఏ నది అని అడుగుతూ పోతే ఒక సాయంత్రం సరిపోదు.

నోటు వెనుక చిన్న అక్షరాల వరసలో 15 భాషలుంటాయి. అందులో తెలుగు పద్నాలుగోది, చివరిది ఉర్దూ. హిందీ, ఇంగ్లిషు కలిపితే నోటు మీద మొత్తం 17 భాషలు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్నవి మాత్రం 22. ఈ రెండు అంకెలనూ కలిపేసుకుని తప్పు పెట్టేవారు కోకొల్లలు.

రాత్రి భోజనాల దగ్గర పదో తరగతి చదివే చెల్లి ప్రశ్న అడిగితే, గ్రూప్స్‌కు చదివే అన్నయ్య చెప్పాలి. తప్పు చెబితే ఎందుకు తప్పో కూడా తనే వెతికి చెప్పాలి. నాన్నకు పంటల గురించి, అమ్మమ్మకు నదీ పుష్కరాల గురించి తెలిసింది తక్కువేం కాదు. ఒక్కడే గదిలో కూర్చుని చదవడం కంటే ఇది మేలు. పరీక్ష పోయిన రోజున ఆ ఇల్లు అతణ్ని నిలదీయకుండా అర్థం చేసుకుంటుంది కూడా... ప్రశ్నలు ఎంత కష్టమో అందరికీ తెలుసు కదా!

తెలియకపోతే వదిలేయాలా?

యూపీఎస్సీ, ఏపీపీఎస్సీ, రైల్వే పరీక్షల్లో తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోస్తారు. మరి తెలియని ప్రశ్న ముట్టుకోవచ్చా? లెక్క వేసి చూద్దాం. నాలుగు ఆప్షన్లున్న 12 ప్రశ్నలకు కళ్లు మూసుకుని గుర్తు పెడితే సగటున 3 ఒప్పు, 9 తప్పు. వచ్చింది 3, పోయింది 3. మిగిలింది సున్నా! ఒక్కో ప్రశ్నలో ఒక ఆప్షన్ కచ్చితంగా తప్పని తీసేయగలిగితే 4 ఒప్పు, 8 తప్పు. 1.33 మార్కులు లాభం. రెండు తీసేయగలిగితే 6 ఒప్పు, 6 తప్పు. 4 మార్కులు లాభం.

అంటే సగం తెలిసినా విలువ ఉంది. 2008లో ప్రాచీన హోదా పొందిన భాషలేవని అడిగి తెలుగు-తమిళం, తెలుగు-కన్నడ, తెలుగు-మలయాళం, తమిళం-సంస్కృతం అని ఇచ్చారనుకుందాం. తమిళానికి అందరికంటే ముందు 2004లోనే వచ్చిందని తెలిసినవారు రెండు ఆప్షన్లు కొట్టేస్తారు. మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టడం తెలివైన సాహసం. (జవాబు తెలుగు-కన్నడ.) ఏమీ తెలియని ప్రశ్నను మాత్రం వదిలేయడమే మంచిది. తెలంగాణ గ్రూప్-2 లాంటి నెగెటివ్ మార్కులు లేని పరీక్షలో ఒక్కటీ వదలకూడదు. నిబంధన ఏమిటో నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. అది చదవకుండా హాల్లోకి వెళ్లడం మార్కులు పారేసుకోవడమే.

తప్పుల పుస్తకం

సాధన ఎలా? గత అయిదేళ్ల ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని రాయాలి. తప్పు పోయిన ప్రతి బిట్‌నూ ఒక నోటుబుక్కులో రాసి, పక్కనే కారణం వేయాలి... తెలియక పోయిందా, పాత జవాబు వల్లా, తొందరలో ప్రశ్న సరిగా చదవకనా? మూడు రోజులకు, పది రోజులకు, నెలకు అదే పుస్తకం తిరగేయాలి. వారంలోనే ఎవరి బలహీనత వారికి కనిపిస్తుంది. జవాబు ఎక్కడ చూశారో కూడా రాసుకుంటే మరో ప్రయోజనం. పరీక్షయ్యాక కమిషన్ ప్రాథమిక కీ ఇచ్చి అభ్యంతరాలు అడుగుతుంది. చేతిలో ఆధారం ఉన్నవారి మాటే అక్కడ చెల్లుతుంది.

ఈ వారం పది బిట్లు

1. 1952 ఎన్నికల తర్వాత హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయిందెవరు?
2. 50 రూపాయల నోటు మీది రాతిరథం ఉన్న హంపి ఏ నది ఒడ్డున ఉంది?
3. రూపాయి నోటు మీద ఎవరి సంతకం ఉంటుంది?
4. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తీసేసిన రాజ్యాంగ సవరణ ఏది?
5. 2024 అక్టోబరులో మరికొన్ని చేరాక, ప్రాచీన హోదా ఉన్న భాషలు ఎన్ని అయ్యాయి?
6. రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు ఏ ఏడాది వచ్చింది?
7. కొల్లేరు ఏ రెండు నదుల డెల్టాల మధ్య ఉంది?
8. మన దేశంలో తొలి మహిళా ముఖ్యమంత్రి ఎవరు?
9. గోదావరి ఎక్కడ పుట్టింది?
10. 2000 నోటు వెనుక ఉన్న బొమ్మ ఏది?

జవాబులు

1. బూర్గుల రామకృష్ణారావు. అంతకుముందు ఉన్న వెల్లోడి నియమితులైన ముఖ్యమంత్రి.
2. తుంగభద్ర.
3. కేంద్ర ఆర్థిక కార్యదర్శి. మిగతా నోట్ల మీద రిజర్వు బ్యాంకు గవర్నర్ సంతకం ఉంటుంది.
4. 44వ సవరణ, 1978. ఇప్పుడది 300ఎ అధికరణ కింద చట్టబద్ధ హక్కు.
5. 11. ఆ నెలలో చేరినవి మరాఠీ, బెంగాలీ, అస్సామీ, పాళీ, ప్రాకృతం.
6. 2021. గుడి ఉన్నది ములుగు జిల్లాలో.
7. కృష్ణా, గోదావరి. ఇది మంచినీటి సరస్సు. పులికాట్‌తో పొరబడొద్దు.
8. సుచేతా కృపలానీ, ఉత్తరప్రదేశ్, 1963.
9. మహారాష్ట్రలో నాసిక్ దగ్గరి త్రయంబకం. పొడవు 1,465 కిలోమీటర్లు.
10. మంగళయాన్. ఈ నోటును చెలామణి నుంచి ఉపసంహరిస్తున్నట్టు రిజర్వు బ్యాంకు 2023 మే 19న ప్రకటించింది.

ఎనిమిది దాటితే భేష్. అయిదులోపే ఆగితే కంగారు అక్కర్లేదు, తప్పుల పుస్తకంలో మొదటి పేజీ నిండినట్టే. ఇక అటక మీది గైడు దించి, ముందు అది అచ్చయిన ఏడాది చూడండి!