నాణ్యత ఎవరి బాధ్యత?

"నాణ్యత అందరి బాధ్యత" అనే వాక్యం ఈ రోజుల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలలో వేదవాక్యంగా చెలామణీ అవుతున్నది. మాధాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడల్లో మేనేజర్లు దీన్ని వల్లిస్తారు. కొత్తగా చేరిన కుర్రవాళ్ళకి మొదటి రోజునే నూరిపోస్తారు. వినటానికి ఇందులో కాదనదగిందేముంది? నాణ్యత తన బాధ్యత కాదని ఏ పెద్దమనిషి అంటాడు? కాని ఎవరూ కాదనలేని మాటల్నే మనం ముందుగా అనుమానించాలి. అందరూ తల వూపే నినాదం ఎవరి ప్రయోజనం కోసం పుట్టిందో, ఎవరి మెడకు చుట్టుకుంటున్నదో విచారించటం విమర్శకుల కర్తవ్యం.

నేను కొన్నేళ్ళు టెస్టర్ ఉద్యోగం చేశాను. ఇప్పుడు పాఠాలు చెప్పుకుంటున్నాను. నా విద్యార్థులు కొందరు అమీర్‌పేటలో టెస్టింగు కోర్సులు చదివి అదే పనిలోకి పోతున్నారు. అంచేత ఈ వాక్యం సంగతి తేల్చుకోవలసిన అవసరం నాకుంది. నాకే కాదు, రైలు టికెట్టు కొనేవారికీ, బ్యాంకులో జీతం వేసుకునేవారికీ, ఆస్పత్రి యంత్రం కింద పడుకునేవారికీ వుంది.

టెస్టింగు అంటే ఏమిటి? ఒకరు రాసిన ప్రోగ్రాము చెప్పినట్టు పనిచేస్తుందో లేదో చూడటమే అని చాలామంది అనుకుంటారు. అది సగం మాత్రమే. చెప్పనిదేదో జరిగితే ఏమవుతుందని అడగటం మిగతా సగం. వయస్సు రాయవలసిన చోట సున్నా రాస్తే? డబ్బు పంపుతూండగా కరెంటు పోతే? ఒకే మీటను రెండుసార్లు నొక్కితే? ఎంత పరీక్షించినా తప్పు వుందని చూపగలమే గాని, లేదని రుజువు చెయ్యలేమని డైక్‌స్ట్రా 1969లోనే తేల్చి చెప్పాడు. కనుక టెస్టర్ చేత మంచి సర్టిఫికెట్టు ఇప్పించుకోవాలనుకోవటం తెలివితక్కువ. అనుమానించటమే అతని వృత్తి. సంస్థ అంతా "అయిపోయింది, అయిపోయింది" అని చప్పట్లు కొడుతూండగా "ఇంకా కాలేదు" అనవలసినవాడు అతడు. ఆ మాట అనటానికి జీతమిచ్చి, ఆ మాట అన్నందుకే మొహం చిట్లించటం ఈ ఉద్యోగంలోని విచిత్రం.

ఈ సంస్థలు కొంతకాలంగా ప్రత్యేక టెస్టర్లు అక్కర్లేదంటున్నాయి. ప్రోగ్రాము రాసేవారే పరీక్షించుకుంటారట, మిగతాది యంత్రమే చూసుకుంటుందట. మైక్రోసాఫ్టు 2014 జూలైలో 18,000 ఉద్యోగాలు తీసివేస్తామని ప్రకటించింది. అందులో హెచ్చుభాగం నోకియా నుంచి వచ్చినవారివి. ఐతే విండోస్ తయారీలో ప్రత్యేక టెస్టర్ల పోస్టులు చాలావరకు కరిగిపోయింది కూడా ఆ కాలంలోనే. తక్కిన కంపెనీలు ఆ దారినే పట్టాయి. సరిగ్గా ఆ కాలంలోనే "నాణ్యత అందరి బాధ్యత" అనే కీర్తన హెచ్చు స్థాయిలో వినిపించసాగింది. అందరి బాధ్యత అయిన తరవాత అదే పనిగా కొందరికి జీతమివ్వటమెందుకు? మనవాళ్ళకో సామెత వుంది: అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం. ఎవర్నడిగినా బాధ్యత నాదే అంటారు. తప్పు బయటపడిన నాడు మాత్రం బుట్ట దగ్గర ఎవరూ వుండరు.

దీన్ని సమర్థించేవారు ఊరికే మాట్లాడరు. వారికొక ప్రమాణముంది. 1950లో జపాను వెళ్ళి అక్కడి పారిశ్రామికులకు గణాంక పద్ధతులు బోధించిన అమెరికన్ డెమింగ్ పేరు చెబుతారు. నాణ్యత కోసం తనిఖీమీద ఆధారపడటం మానమని డెమింగ్ అన్న మాట నిజమే. ఆయన యాజమాన్యాలకు చెప్పిన 14 సూత్రాలలో అది మూడవది. తయారయ్యాక తప్పులు ఏరటం కన్న, తయారయ్యే పద్ధతినే బాగుచెయ్యమని దాని అర్థం. ఆ మాటతో నాకు తగాదా లేదు.

నా తగాదా మూడవ సూత్రంతో పుస్తకం మూసేసేవారితో. ఎనిమిదవ సూత్రం పనిచేసేవారిలో భయాన్ని పారదోలమంటుంది. పదవది కార్మికులకు నినాదాలు, హితబోధలు, లక్ష్యాలు పెట్టడం మానమంటుంది. పన్నెండవది తన పనితనాన్ని చూసి మనిషి గర్వపడటానికి అడ్డువచ్చేవాటిని తొలగించమంటుంది. తప్పుల్లో అత్యధిక భాగం వ్యవస్థవనీ, వ్యవస్థ యాజమాన్యం చేతిలో వున్నదనీ డెమింగ్ జీవితాంతం చెప్పాడు. ఇవేవీ మన మేనేజర్లకు జ్ఞాపకం రావు. ఖర్చు తగ్గించే సూత్రం ఒక్కటే కంఠతా వచ్చు! నినాదాలు వద్దన్న మనిషి పేరు చెప్పి నినాదాలు అల్లటం కన్న పరిహాసమేముంది?

జపాను మాట వచ్చింది గనక మరొకటి. టయోటా కర్మాగారంలో తప్పు కనిపించిన కార్మికుడు తాడు లాగితే, ఆ తప్పు అక్కడే సరికాని పక్షంలో వరుస ఆగుతుంది. ఆ కర్మాగారం కార్మికుల స్వర్గమని నేననను. కాని ఆ తాడులో ఒక సత్యముంది. నాణ్యత అందరి బాధ్యత కావాలంటే, ఆపే అధికారం కూడా అందరిదీ కావాలి. అధికారం పైన పెట్టుకుని బాధ్యత మాత్రం కిందికి పంచిపెట్టటం దానం కాదు, మోసం.

ఆపే అధికారం లేనిచోట ఏమి జరుగుతుందో చరిత్ర నెత్తుటితో రాసింది. బోయింగ్ కంపెనీ 737 మ్యాక్స్ విమానంలో, ముక్కు పైకి లేచినట్టు తోస్తే దానంతటదే కిందికి వంచే సాఫ్ట్‌వేర్ పెట్టింది. అది ఒకే ఒక్క పరికరం చెప్పిన మాట నమ్మేది. దాని సంగతి పైలట్ల పుస్తకంలో రాయలేదు. 2018 అక్టోబరు 29న ఇండోనేషియాలో 189 మంది, 2019 మార్చి 10న ఇథియోపియాలో 157 మంది, మొత్తం 346 మంది చనిపోయారు. కిందివారికి తెలియక ఇది జరిగిందా? ఎడ్ పియర్సన్ అనే అధికారి, అలిసిపోయిన పనివాళ్ళతో హడావిడిగా విమానాలు తయారుచేయిస్తున్నారు, ఉత్పత్తి ఆపండని 2018 జూన్‌లోనే, అంటే మొదటి ప్రమాదానికి నాలుగు నెలల ముందే, పైవారికి రాశాడు. ఆయన చెప్పింది కర్మాగారం సంగతి, ఆ సాఫ్ట్‌వేర్ సంగతి కాదు. ఐనా రెండింటికీ వర్తించే ప్రశ్న ఒకటే: ఆపమని కింది నుంచి వచ్చిన మాటకు ఆ సంస్థలో ఎంత విలువ? వరుస ఆగలేదు. ఆయన రాసింది తాడు లాగటంతో సమానమే, కాని ఆ తాడు దేనికీ కట్టిలేదు.

ఇంగ్లండు కథ ఇంకా హీనం. అక్కడి పోస్టాఫీసు సంస్థ, ఫుజిట్సు సరఫరా చేసిన హొరైజన్ అనే లెక్కల వ్యవస్థను 1999 నుంచి ఊరూరా బిగించింది. లెక్కల్లో లేని లోటు కనిపించసాగింది. లోటు వస్తే ఊరి పోస్టుమాస్టరే చెల్లించాలని ఒప్పందం. వారు మొరపెట్టుకుంటే "మీకొక్కరికే ఇలా వస్తున్నది" అని జవాబు చెప్పారు. కంప్యూటరు సరిగానే పనిచేస్తున్నదని కోర్టులు ముందుగానే భావించే న్యాయసూత్రం ఒకటి తోడైంది. 2015 వరకు 900 పైచిలుకు మందికి దొంగతనం, తప్పుడు లెక్కల వంటి నేరాలకు శిక్షలు పడ్డాయి. కొందరు జైళ్ళకు పోయారు, ఇళ్ళమ్ముకున్నారు. ఆ వ్యవస్థలో దోషాలున్నాయని 2019 డిసెంబరులో హైకోర్టు తేల్చింది. శిక్షలను మూకుమ్మడిగా రద్దు చెయ్యటానికి 2024లో చట్టమే చెయ్యవలసి వచ్చింది. గమనించండి: లోపల పరీక్షించి ఆపకపోతే పరీక్ష ఆగిపోదు, అది ప్రజలమీద జరుగుతుంది. ఆ ఊరి పోస్టుమాస్టర్లే ఆఖరి టెస్టర్లు. వారు తప్పు కనిపెట్టి చెప్పారు. తప్పు చెప్పినందుకు బహుమానం సంకెళ్ళు!

ఇక్కడ మన మిత్రులు కొందరు "ఇదంతా లాభాపేక్ష ఫలితం, ప్రభుత్వ రంగమైతే ఇలా జరగదు" అంటారు. అంత సులభంగా తేల్చుకోవద్దని నా మనవి. పైన చెప్పిన పోస్టాఫీసు ప్రభుత్వ సొత్తే. థెరాక్-25 అనే కాన్సరు చికిత్సా యంత్రాన్ని తయారుచేసిందీ కెనడా ప్రభుత్వ సంస్థే. 1985 జూన్ నుంచి 1987 జనవరి దాకా ఆ యంత్రం ఆరుగురికి విపరీతమైన రేడియేషన్ ఇచ్చింది. కనీసం ముగ్గురు దానివల్ల చనిపోయారు. పాత నమూనాలో ప్రమాదాన్ని అడ్డుకునే విద్యుత్ కట్టుదిట్టాలుండేవి. సాఫ్ట్‌వేర్ వుంది గదా అని కొత్తదానిలో వాటిని తీసేశారు. అధిక మోతాదు అసాధ్యమని సంస్థ వాదించింది. 1986లో టెక్సాస్ రాష్ట్రం టైలర్ పట్నంలోని ఆస్పత్రిలో రెండవ ప్రమాదం జరిగాక, అక్కడి భౌతికశాస్త్రజ్ఞుడూ, యంత్రం నడిపే ఉద్యోగినీ కలిసి కూర్చుని, మళ్ళీ మళ్ళీ మీటలు నొక్కి, ఆ తప్పును తిరిగి రప్పించారు. తప్పుగా కొట్టిన అక్షరాన్ని అలవాటు పడిన వేళ్ళతో చకచకా దిద్దితేనే అది బయటపడుతుంది. తయారుచేసిన ఇంజనీర్లకు అందని రహస్యం రోజూ పనిచేసే చేతులకు అందింది! దీన్నిబట్టి ఒకటి స్పష్టం. యాజమాన్యం ఎవరిదనే ప్రశ్న ముఖ్యమే, కాని చాలదు. పనిచేసే చేతి మాటకు విలువ ఎంత అనే ప్రశ్న దానితోపాటు వెయ్యాలి.

మన ఆఫీసుల్లో ఆ విలువ ఎంతో నేను చూశాను. నేను పనిచేసిన ఒక కంపెనీలో తప్పులకు తీవ్రతను బట్టి అంకెలు వేసేవారు. ఒకటో తరగతి తప్పు వుంటే సరుకు బయటికి పోకూడదని రూలు. రిలీజు ముందురోజు సాయంత్రం మీటింగు జరిగేది. మీటింగుకు ముందు ఒకటిగా వున్న తప్పు మీటింగు తరవాత మూడు అయ్యేది. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారలేదు, కాగితం మీద అంకె మారింది. రూలూ నిలిచింది, సరుకూ పోయింది! ఒప్పుకోని టెస్టర్‌ను "సహకరించే స్వభావం లేదు" అని సంవత్సరాంతపు లెక్కలో రాసేవారు. మరో ఏడు ఎన్ని తప్పులు పట్టుకుంటే అంత మంచి టెస్టర్ అన్నారు. దానితో చిల్లర తప్పులు కుప్పలుగా పోగుపడ్డాయి, నాలుగు రోజులు తవ్వితేగాని దొరకని పెద్దతప్పు జోలికి ఎవరూ పోలేదు. ఇది మనుషుల గుణదోషం కాదు. కొలత ఎలా వుంటే పని అలా వుంటుంది.

ఇక మనలో మనం అనుకోవలసిన మాట. "వాళ్ళకేం, ఏసీ గదుల్లో కూర్చుని లక్షలు తీసుకుంటారు, వాళ్ళు శ్రామికులేమిటి?" అని మన సభల్లో వినిపిస్తూంటుంది. జీతం ఎక్కువా తక్కువా అన్నది వర్గాన్ని నిర్ణయించే కొలబద్దా? తన శ్రమ తప్ప అమ్ముకోవటానికి మరేదీ లేనివాడు, తాను చేసే వస్తువుమీద తనకు మాట చెల్లనివాడు, ఒక్క ఈమెయిలుతో వీధిన పడగలవాడు శ్రామికుడు కాకపోతే మరెవరు? పైగా టెస్టర్లలో అనేకులు ఏజెన్సీల కింద కాంట్రాక్టుమీద పనిచేసేవారు. "కాదు" అన్నవాడి కాంట్రాక్టు మళ్ళీ రాయకపోతే అడిగే దిక్కు లేదు. అలాంటివాణ్ణి ధైర్యంగా నిజం చెప్పమనటం, కాళ్ళు కట్టేసి పరుగెత్తమనటమే.

మన సాహిత్యం కూడా ఈ పనిలోకి తొంగిచూడటం లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మన కథల్లోకి డాలర్లతోనో, ఊళ్ళో ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులతోనో వస్తాడు. రోజుకి పది గంటలు అతడు ఏం చేస్తాడు? ఏ అబద్ధం మీద సంతకం పెడతాడు? ఏ రాత్రి నిద్ర పట్టదు? ఇది మనకు కనిపించదు. రావిశాస్త్రి ప్లీడరు గనకనే కోర్టు గుట్టు, పోలీసు గుట్టు లోపలినుంచి విప్పి చూపించగలిగాడు. సాఫ్ట్‌వేర్ గుట్టు విప్పవలసినవారు ఆ బల్లల దగ్గరే కూర్చున్నారు. వారిచేత రాయించటం మన పని.

మరి చెయ్యవలసిందేమిటి? మూడు కోరికలు నాకు తోస్తున్నాయి. మొదటిది, టెస్టర్ రాసిన అభ్యంతరాన్ని అతని అంగీకారం లేకుండా ఎవరూ దిద్దగూడదు. కాదని రిలీజు చేసేవారు తమ పేరుతో, కారణంతో సంతకం చెయ్యాలి. అప్పుడు "అందరి బాధ్యత"కు ఒక పేరు, ఒక చిరునామా ఏర్పడతాయి. రెండవది, ప్రాణానికి, జీతానికి, స్వేచ్ఛకు హాని కలిగించగల వ్యవస్థల్లో పని ఆపించే హక్కు పనిచేసేవారికి వుండాలి. ఆపినందుకు శిక్ష వుండకూడదు. మూడవది, ఈ రెండూ యాజమాన్యపు దయాధర్మంగా రావు గనక, వాటిని అడగటానికి సంఘం కావాలి. కర్ణాటకలో 2017 నుంచి ఐటీ ఉద్యోగుల సంఘం పనిచేస్తున్నది. హైదరాబాదులో మనం పని గంటల గురించి, ఉద్యోగ భద్రత గురించి మాట్లాడేటప్పుడు ఆపే హక్కును కూడా ఆ జాబితాలో చేర్చాలి. అది టెస్టర్ల సొంత కోరిక కాదు. ఆ హక్కు వెనక రోగి, ప్రయాణీకుడు, ఊరి పోస్టుమాస్టరు నిలబడి వున్నారు.

ఉపాధ్యాయులకూ ఒక మాట. మనం పరికరాలు నేర్పుతున్నాం, ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీ పట్టిస్తున్నాం. థెరాక్ కథ, హొరైజన్ కథ కూడా చెబుదాం. అనుమానించటం అవిధేయత కాదనీ, అది చదువుకున్నవాడి మొదటి ధర్మమనీ చెబుదాం. ఐతే ధైర్యం ఒక్కటే బోధించి పంపితే మన పిల్లల్ని ఒంటరిగా బలిచ్చినవాళ్ళమవుతాం. "కాదు" అనటం నేర్పినవారు, ఆ మాట అన్నవాడి పక్కన నిలబడే పదిమందిని కూడా తయారుచెయ్యాలి.