ఎడమ కాలికి పనేముంది?

ఎడమ కాలికి పని లేని కారు అసలు కారే కాదని వాదించేవాళ్ళు మన కాలేజీలో తక్కువమందేం లేరు. ఆటోమేటిక్ నడిపేవాణ్ణి చూస్తే వాళ్ళకు జాలి. "అదేం డ్రైవింగురా, బొమ్మకారు తోలినట్టు!" అంటారు. వీళ్ళను చూస్తే అవతలి పక్షానికి నవ్వు. మిక్సీ ఉండగా రోలు ముందేసుకుని కూర్చునే బాపతని వాళ్ళ తీర్మానం. ఈ రెండు పక్షాలకూ రాజీ కుదర్చటం నా ఉద్దేశం కాదు. అసలు ప్రశ్నను వదిలేసి ఇద్దరూ పక్కదారిన పోతున్నారన్నదే నా ఫిర్యాదు. కారు నడిపేది ఎవరు, ఏ రోడ్డు మీద, ఏ అవసరానికి అన్నది తేల్చకుండా గేరు గొప్పదా, గేరు లేకపోవటం గొప్పదా అని కొట్లాడితే ఏం ప్రయోజనం?

ముందు యంత్రం సంగతి చూద్దాం. పెట్రోలు, డీజిలు ఇంజనుకు ఒక బలహీనత ఉంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు దానికి బలం చాలదు, మరీ నెమ్మదిస్తే ఆగిపోతుంది. నిలబడ్డచోటి నుంచి ఎద్దులాగా బరువు లాగటం దానికి చేతకాదు. అందుకని ఇంజనుకూ చక్రాలకూ మధ్య పళ్ళచక్రాల పెట్టె ఒకటి పెట్టాల్సి వచ్చింది. మొదటి గేరులో ఇంజను చాలాసార్లు తిరిగితే చక్రం కొద్దిసార్లు తిరుగుతుంది. వేగం తక్కువ, లాగే బలం ఎక్కువ. పై గేర్లకు పోయేకొద్దీ వేగం పెరుగుతుంది, బలం తగ్గుతుంది. గేరు మార్చేటప్పుడు ఇంజనును ఒక్క క్షణం చక్రాల నుంచి విడదియ్యాలి. ఆ పని క్లచ్చిది. క్లచ్చి తొక్కే పని ఎడమ కాలిది. ఇంతే కథ.

ఈ శ్రమ మనిషికి తప్పించాలన్న ఆలోచన నిన్నమొన్నటిది కాదు. ఒకప్పుడు డ్రైవరు రెండుసార్లు క్లచ్చి తొక్కి, ఇంజను వేగాన్ని చెవితో కొలుచుకుని గేరు వెయ్యాలి. లెక్క తప్పితే పెట్టె కరకరమని ఊరంతా వినపడేది. 1928లో కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ వచ్చి ఆ బాధ తగ్గించింది. 1939లో జనరల్ మోటార్స్ వారు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ పెట్టెను అమ్మకానికి తెచ్చారు. 1958లో హాలండులో డాఫ్ వారు బెల్టులతో నడిచే వేరియోమాటిక్ చూపించారు. అంటే, ఈనాటి సోమరితనమని మనం వెక్కిరిస్తున్న వస్తువు మన తాతల కాలం నాటిదన్నమాట!

మన దేశంలో మధ్యతరగతి ఇంటికి అది రావటానికి చాలా ఆలస్యమైంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో చాలాకాలం గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక నేలమీది గేరు మనకు అలవాటైంది. 2014 ఫిబ్రవరిలో మారుతి సెలేరియోతో ఏ.ఎం.టి. అనే చవక ఆటోమేటిక్ వచ్చింది. అదే సంవత్సరం మే నెలలో ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఏ.ఎం.టి.లో గమ్మత్తేమంటే, లోపల ఉన్నది మామూలు గేరు పెట్టే, మామూలు క్లచ్చే. పెడలు మాత్రం ఉండదు. కంప్యూటరు ఆజ్ఞాపిస్తుంది, ఒక పరికరం క్లచ్చి తొక్కి గేరు మారుస్తుంది. ఒక్కముక్కలో చెప్పాలంటే, సుమారు అరలక్ష రూపాయలు ఎక్కువ ఇచ్చి ఒక ఎడమ కాలిని జీతానికి పెట్టుకున్నాం. పాత ఆటోమేటిక్కులు పెట్రోలు తాగేస్తాయన్న పేరు ఈ పద్ధతికి వర్తించదు కూడా.

ఇక ఎవరికి అన్న ప్రశ్న. సాయంత్రం ఆరింటికి హైదరాబాదులో అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా కారులో పోయి చూడండి. పది గజాలు కదలటం, ఆగటం, మళ్ళీ పది గజాలు. మొదటి గేరు, న్యూట్రలు, మొదటి గేరు. ఇందులో డ్రైవింగు కళ ఎక్కడుందో నాకు అర్థం కాదు. మోకాళ్ళ నొప్పులున్న మన అధ్యాపకులొకరు ఆటోమేటిక్ కొనుక్కుంటే అది సోమరితనమా?

అంతకంటే పెద్ద మాట ఒకటుంది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ప్రాంతాన్ని పోలియో లేనిదిగా గుర్తించింది. సంతోషమే. కానీ అంతకుముందు ఆ జబ్బు కాటుకు కాలు పడిపోయినవాళ్ళు మన మధ్యనే ఉన్నారు. క్లాసులో పాఠం చెపుతున్నారు, ఆఫీసులో పనిచేస్తున్నారు, మన పూర్వ విద్యార్థుల్లో ఉన్నారు. ఎడమ కాలు పనిచెయ్యనివాడికి క్లచ్చి పెడలు ఒక మూసిన తలుపు. ఆటోమేటిక్ ఆ తలుపు తీసింది. కుడి కాలుతోనే కారు తోలుకుని, ఎవర్నీ బతిమాలకుండా, తన పని మీద తాను పోగలుగుతున్నాడు. "గేర్లు లేనిది డ్రైవింగే కాదు" అని మనం కాంటీన్లో నవ్వులకు అనే మాట అలాంటివాడి చెవిన పడితే ఎట్లా ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచించండి.

ఆడపిల్లల సంగతీ అంతే. "నీకు గేర్లు రావులే అమ్మా" అని ఇంట్లో తాళంచెవి దాచిపెట్టే నాన్నలూ, అన్నయ్యలూ ఇప్పటికీ ఉన్నారు. నేర్పితే గేర్లు ఎవరికైనా వస్తాయి. అక్కడ అడ్డం గేరు కాదు, తాళంచెవి. అయినా ఆ సాకు ఒకటి పోయినందుకు మంచిదే.

ఇంతవరకూ విని నన్ను ఆటోమేటిక్ పక్షంలో కలిపేసుకోకండి. ఎందుకంటే, నేర్చుకోవటం మాత్రం గేరు బండి మీదనే నేర్చుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. దానికి మూడు కారణాలున్నాయి.

మొదటిది ప్రాణం సంగతి. కంగారులో బ్రేకు అనుకుని యాక్సిలేటరు తొక్కటం ఎవరికైనా జరగవచ్చు. గేరు బండిలో క్లచ్చి తొక్కి ఉంటే ఇంజను అరుస్తుందే తప్ప బండి కదలదు. ఆటోమేటిక్‌లో 'డి'లో ఉన్న బండి ముందుకు దూకుతుంది. సెల్లారులో గోడ ఉంటే గోడకు, మనిషి ఉంటే మనిషికి. క్లచ్చి ఒక బరువే కాదు, ఒక కాపలా కూడా. ఇంకొకటి, ఘాటు రోడ్డు. తిరుమల కొండ దిగేటప్పుడూ, అరకు నుంచి అనంతగిరి మీదుగా శృంగవరపుకోట వైపు దిగేటప్పుడూ బ్రేకు మీదే కాలేసుకుని కూర్చుంటే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగమని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే. చిన్న గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. చమురు ఆదా అని న్యూట్రల్లో దించే మహానుభావులున్నారు. ఈనాటి ఇంజన్లలో గేరులో ఉండి దిగేటప్పుడు ఇంధనం దానంతటదే ఆగిపోతుంది. న్యూట్రల్లో పెడితేనే ఇంజను తిరగటానికి చమురు ఖర్చవుతుంది! ఆదా లేదు సరిగదా, ప్రాణం మీదికి వస్తుంది. ఆటోమేటిక్ కార్లలోనూ చిన్న గేరులో దిగే ఏర్పాటు ఉంటుంది. కానీ 'డి' తప్ప వేరే అక్షరం ముట్టుకోని వాడికి అదెందుకుందో ఎవరు చెప్పాలి? గేరు బండి నేర్చినవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు.

రెండోది కూటి సంగతి. మనలో చాలామందికి డ్రైవింగు అంటే సరదా. పల్లెలో మనతోపాటు చదివి మధ్యలో ఆపేసినవాడికి అది అన్నం పెట్టే విద్య. ట్రాక్టరు, ట్రాలీ, లారీ, ఆర్టీసీ బస్సు, వీటిలో ఎక్కువ భాగం ఈనాటికీ గేరు బళ్ళే. రెండు చెక్కల స్టీరింగు తప్ప ఇంకేమీ రానివాణ్ణి ఏ యజమాని పనిలో పెట్టుకుంటాడు? పట్నంలో సులువుగా ఉందని ఆటోమేటిక్ మీదే నేర్పి పంపించేస్తే వాడి చేతికి సగం విద్యే ఇచ్చినట్టు. ఇక అర్ధరాత్రి ఊళ్ళో ఎవరికో నొప్పులొచ్చి, 108 బండి రావటం ఆలస్యమై, ఎదురింటివాళ్ళ పాత కారు ఒక్కటే దిక్కయినప్పుడు "నాకు గేర్లు రావండీ" అనేవాడు ఎందుకు పనికొస్తాడు?

మూడోది చట్టం సంగతి. బ్రిటనులో ఆటోమేటిక్ మీద పరీక్ష పాసైనవాడికి ఆటోమేటిక్ నడిపే లైసెన్సే ఇస్తారు. గేరు బండి కావాలంటే మళ్ళీ పరీక్ష. మన 1988 మోటారు వాహనాల చట్టం కింద మోటారు సైకిళ్ళకు గేరున్నవీ, లేనివీ అని రెండు తరగతులున్నాయి. కార్లకు వచ్చేసరికి ఆ తేడా లేదు. ఈరోజు ఆటోమేటిక్ మీద పాసైనవాడు రేపు గేరు కారెక్కి ఫ్లైఓవరు ఎక్కుడులో మనముందు ఆగవచ్చు. చట్టం ఆపదు. హాఫ్ క్లచ్చి రాక వెనక్కి జారితే మాత్రం మన బంపరు ఆపుతుంది!

దీనికి తిరుగు సమాధానం నాకు తెలుసు. "కరెంటు కార్లొచ్చాక నీ గేరూ లేదు, క్లచ్చీ లేదు, ఎందుకీ ఉపన్యాసం?" అంటారు. నిజమే. కరెంటు మోటారు నిలబడ్డచోటి నుంచే పూర్తి బలంతో లాగుతుంది. చాలా కార్లకు ఒకే నిష్పత్తి గేరు సరిపోతుంది. ఎడమ కాలు ఏదో ఒకరోజు రిటైరు కావలసిందే, నాకేం దిగులు లేదు. కానీ ఈరోజు షోరూములో అమ్ముడైన గేరు బండి పదిహేనేళ్ళు తిరుగుతుంది, చేతులు మారుతూ పల్లెలకు చేరుతుంది. పైగా కరెంటు బండైనా కొండ దిగేటప్పుడు తెలివి కావాలి. కొండమీద బ్యాటరీ నిండా ఛార్జి చేసుకుని దిగితే, మోటారు ద్వారా వేగం తగ్గించి కరెంటు నింపుకునే ఏర్పాటు అంతగా పనిచెయ్యదు, నింపటానికి చోటుండదు గనుక. బండి లోపల ఏం జరుగుతోందో తెలిసినవాడికే ఇలాంటివి తడతాయి.

అట్లాగని గేరు వచ్చినవాడికి అన్నీ వచ్చినట్టు కాదు. మన పూర్వ విద్యార్థుల్లో అమెరికా వెళ్ళినవాళ్ళను అడగండి. అక్కడ దాదాపు అన్నీ ఆటోమేటిక్ కార్లే. ఇక్కడ గేరు నేర్చుకుపోయినవాడి ఎడమ కాలు అలవాటుగా క్లచ్చి కోసం వెతుకుతుంది. దొరికేది వెడల్పాటి బ్రేకు పెడలు. క్లచ్చి తొక్కినట్టు గట్టిగా తొక్కుతాడు. బండి ఉన్నచోటనే కొయ్యబారుతుంది, వెనకవాడు హారను మోత. ఎడమ కాలిని కదలకుండా కూర్చోపెట్టటం కూడా ఒక విద్యే, అదీ నేర్చుకోవాలి.

కాబట్టి విద్యార్థి సంఘం వారికి ఒక మనవి. ప్రతి సంవత్సరం సాంస్కృతిక వారోత్సవాలకూ, క్రికెట్టుకూ డబ్బు కేటాయిస్తున్నాం, మంచిదే. వేసవి సెలవులకు ముందు పది రోజులు డ్రైవింగు తరగతులు పెట్టండి. అబ్బాయిలకూ, అమ్మాయిలకూ కలిపి గేరు కారు మీద నేర్పించండి. చివరి రెండు రోజులు అందరినీ ఆటోమేటిక్ ఎక్కించండి. కాలు సరిగా లేని మిత్రులకు మొదటి రోజు నుంచే ఆటోమేటిక్ ఏర్పాటు చెయ్యండి, వాళ్ళ దగ్గర ఫీజు తీసుకోకండి. మెకానికల్ శాఖ అధ్యాపకులు ఒక పూట గేరు పెట్టె విప్పి చూపిస్తే ఇంకా బాగు. ఆ పది రోజులయ్యాక ఎవరికి ఏ కారు ఇష్టమైతే ఆ కారు కొనుక్కుంటారు, కొనలేనివాళ్ళు బస్సెక్కుతారు. ఏది నడిపినా ఎదుటివాణ్ణి చూసి నవ్వే హక్కు మాత్రం ఎవరికీ లేదని నా అభిప్రాయం.