జాతరలకు లేసరు యంత్రము: సంఘము చేయదగిన పని

మాఘమాసము వచ్చినదనిన మన కమాన్‌పూర్ ప్రాంతపు యువకుల చూపు పొలము మీద కంటె బాట మీదనే యెక్కువగ నుండును. ఓదెల మల్లికార్జునస్వామి, గోదావరి యొడ్డున గోలివాడ సమ్మక్క, అడవి దాటినచో మేడారము, ఎటు చూచినను జాతరయే. గాజులు, బొమ్మలు, బెల్లము అమ్మువారి నడుమ ఇప్పుడొక క్రొత్త వ్యాపారము పుట్టినది. లేసరు యంత్రమును బల్లపై నిలిపి, అడిగినవారి పేరును తాళపుచెవి బిళ్లపైనను స్టీలు చెంబుపైనను అప్పటికప్పుడు చెక్కి యిచ్చుటయే ఆ వ్యాపారము. మన సభ్యుల కుమారులు కొందఱు తామును అట్టి యంత్రమును కొందుమనియు, సంఘము ఋణ మీయవలెననియు అడుగుచున్నారు. రైతుసంఘమునకు ఈ గొడవ యేలయని పెద్దలు కొందఱు కసరుకొనుచున్నారు. ఇరువురితోను మాకు పూర్తిగ ఏకీభావము లేదు.

గిరాకి లేదను మాట నిలువదు. పెండ్లిలో పెట్టిన బిందెపై మేనమామ పేరు, తేదీ లేకున్న మన యిండ్లలో అది కట్నముక్రింద జమకే రాదు. తాతలనాటి ఇత్తడి గంగాళములపై ఉలితో చుక్కలు చుక్కలుగ కొట్టిన అక్షరములను ఇప్పటికిని చదువవచ్చును. ఆ పిమ్మట కరెంటుతో అదరు పెన్ను వచ్చినది. దానిని పట్టుకొని పాత్రల దుకాణముల ముందు కూర్చుండి పేర్లు చెక్కువారి సంగతి ముందు చెప్పెదము. రాజులకైనను ఈ కోరిక తప్పలేదు. కాకతి రుద్రదేవుడు హనుమకొండలో 1163లో శాసనము చెక్కించినది తన పేరు నిలుచుటకే కదా!

అయినను లేసరనునది ఒకే యంత్రము కాదు. ఈ కిరణమును మొదట 1960లో అమెరికాలో మైమన్ అను శాస్త్రజ్ఞుడు పుట్టించెను. 1964లో మన దేశీయుడే, మహారాష్ట్రములోని బారామతిలో జన్మించిన కుమార్ పటేల్, బొగ్గుపులుసు గాలితో పనిచేయు లేసరును కనుగొనెను. కొయ్య, తోలు, కొబ్బరిచిప్ప చెక్కుటకు అదియే నేటికిని మేలు. కాని దాని ప్రాణమంతయు పొడుగాటి గాజుగొట్టములో నుండును. ఆ గొట్టమును చల్లబఱచుటకు నీరు తిరుగుచుండవలెను. కిరణమును మలుపు అద్దములు వెండ్రుకవాసి కదలినను గీత తప్పును. బొగ్గులారీలు త్రొక్కిన మన బాటలమీద ఆటోలో వేసికొనిపోయినచో మేడారము చేరునప్పటికి ఏమి మిగులునో చెప్పనక్కఱలేదు. పైగా అది వట్టి స్టీలుపై, ఇత్తడిపై గీత వేయజాలదు. గాజుపోగులో కిరణమును పుట్టించు ఫైబరు యంత్రము వేఱు. అది లోహమునకే తగినది, కుదుపునకు ఓర్చునది. 20 వాట్ల కిరణమునకు మొత్తము కొన్ని వందల వాట్ల కరెంటు చాలును గనుక చిన్న జనరేటరుతో గాని మంచి ఇన్వర్టరుతో గాని నడచును. జాతరలు తిరుగ దలచినవారికి ఇదియే తగును. చౌకగ దొఱకు నీలికాంతి యంత్రములు చెక్కబిళ్లలకు సరిపోవును గాని చెంబులకు పనికిరావు.

పనిలో మెలకువలు లేకపోలేదు. కటకమునకు, వస్తువునకు నడుమ దూరము కొన్ని మిల్లీమీటర్లు తప్పినను అక్షరము మసకబారును. అందుచేత చెంబు వంపుపై పొడుగైన పేరును ఒకేసారి వేయరాదు. స్టీలును నల్లబడునట్లు మితిమీఱి కాల్చినచో, తుప్పును ఆపు క్రోమియము ఆ చోట బలహీనపడి, కొన్నాళ్లకు అక్షరములే తుప్పు పట్టును. అన్నిటికంటె మనకు ముఖ్యమైనది తెలుగు లిపి. ఈ యంత్రములతో వచ్చు సాఫ్టువేరులు పలుమాఱు మన ఒత్తులను కలుపనేరవు. “లక్ష్మి” అని కొట్టినచో క్షకారమొకచోట, మకారమొకచోట విడివిడిగ పడును. పేరును ముందు వేఱొక సాఫ్టువేరులో సరిగ కూర్చి, బొమ్మగ మార్చి యంత్రమునకు ఈయవలెను. ఇంగ్లీషులో వేయుదుము తీసికొమ్మనుట సులభమే. కాని అమ్మవారి జాతరలో అవ్వ తన మనుమరాలికి కొనిన గిన్నెపై తాను చదువలేని లిపి యుండుట మాకు రుచింపదు. చెక్కిన తప్పు చెరుగదు గనుక, పేరును కాగితముపై వ్రాసి, చదువురానివారికి చదివి వినిపించి, పిమ్మటనే మీట నొక్కవలెను.

ఇక కన్నుల సంగతి. ఈ విషయమున మేము ఏ సడలింపునకును ఒప్పుకొనము. ఫైబరు కిరణము కంటికి కనబడదు. కనబడు వెలుగైనచో ఱెప్ప వాలును, దీనికి వాలదు. మెఱుగు చెంబుపై తగిలి ప్రక్కకు మఱలిన కిరణమొక్కటి చాలును, చూపు మఱల రాదు. నడుపువాడు అద్దములు పెట్టుకొనును. చుట్టు మూగిన పిల్లలకో? పిల్లల కన్ను సరిగ బల్ల యెత్తుననే యుండును. నల్లని చలువ అద్దములు దీనికి అడ్డు కావు. ఒక జాతి కిరణమునకు చేసిన అద్దములు వేఱొక జాతికి పనికిరావు. కావున నలువైపుల మూసిన పెట్టె, మూత తీయగనే కిరణము ఆగు ఏర్పాటు లేని యంత్రము జాతరకు పోరాదు. అట్లే పీ.వీ.సీ. ప్లాస్టికును కాల్చినచో గొంతును ఊపిరితిత్తులను కోయు ఆమ్లపు పొగ వచ్చును. ఎంత ధన మిచ్చినను ఆ బిళ్లలను ముట్టరాదు.

లెక్కకు వత్తము. మేడారము జాతర 2024లో ఫిబ్రవరి 21 నుండి 24 వఱకు, 2026లో జనవరి 28 నుండి 31 వఱకు జరిగినది. అనగా రెండేండ్లకు నాలుగు దినములు. యంత్రము వెల లక్ష దాటును. దాని కంతు నెలనెలకు వచ్చును. గోదావరి పుష్కరములు 2015 పిమ్మట 2027లో వచ్చునని ఆశపడుచున్నవారు, అవి వానాకాలపు నాట్ల కాలమునకు దగ్గఱగ వచ్చునని మఱచుచున్నారు. నారు ముదురుచుండగ మడి విడిచి మంథని రేవులో పేర్లు చెక్కుచు కూర్చుండగల రైతుబిడ్డ యెవడు? ఒక్కొక్క యింట ఒక్కొక్క యంత్రము చేరినచో, అదే జాతరలో మనవారే పదిమంది ప్రక్కప్రక్కన నిలిచి, ధర తగ్గించుకొని, ఒకరినొకరు ముంచుకొందురు. తుదకు కంతు కట్టునది పంటసొమ్ముతోనే.

కావున సంఘమే ఒక్క యంత్రమును కొని, ట్రాక్టరును అద్దెకిచ్చునట్లే దీనిని వంతులవారీగ అద్దెకీయవలెనని మా యభిప్రాయము. కేంద్ర సహకార మంత్రిత్వశాఖ 2023 జనవరిలో వెలువఱచిన నమూనా ఉపనియమములు ప్రాథమిక సంఘములు ఋణము లిచ్చుటయేగాక పలువిధములైన పనులు చేపట్టవచ్చునని చెప్పుచునే యున్నవి. జాతరలు లేని దినములలో అది ఊరక పడియుండ నవసరము లేదు. బావులకడ మోటార్లు, స్టార్టరు డబ్బాలు దొంగలపాలగుట యెవరికి తెలియదు? మోటారు ఒంటిపై రైతు పేరు, ఊరు లోతుగ చెక్కినచో, రంగు వేసి దాచుట కష్టము, పాత ఇనుము కొనువాడు జంకును. సభ్యులకు ఈ పనిని ఖర్చు మాత్రమే తీసికొని చేయవలెను.

వంతులలో మొదటి హక్కు, పైన చెప్పిన చేతిపెన్ను పనివారికి ఈయవలెను. ఏ పాత్రపై ఏ చోట పేరు అందగించునో, వంపులో అక్షరమును ఎట్లు కుదించవలెనో వారికి తెలిసినంత మన కుఱ్ఱలకు తెలియదు. వారు సభ్యులు కారను ఆక్షేపణ వచ్చును. సభ్యులుగ చేర్చుకొనినచో అది తీఱును. ఈ విషయమును రానున్న సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టవలెనని కార్యవర్గమును కోరుచున్నాము. అంతవఱకు పంటఋణపు సొమ్మునుండి ఎవరును యంత్రమునకు బయానా ఈయకుందురు గాక.